కొత్త కవికి చాప పరిచే చోటు

వినుకొండలో అవధాన సభ. వేదిక మీద పండితులు, ఎదురుగా ఊరి పెద్దలు, పద్యమంటే చెవి కోసుకునే జనం. ఆ సభలో ఒక యువకుడు తాను రాసుకొచ్చిన పద్యాలు చదివాడు. పద్యం నడక ఎలా ఉందని ఎవరూ అడగలేదు. యతి ఎక్కడ కుదిరింది, ఎక్కడ తప్పింది అని చూసినవాళ్లు లేరు. నిమ్నజాతివాణ్ణి సభలోకి ఎందుకు రానిచ్చారంటూ కొందరు లేచారు.

ఆ యువకుడు గుర్రం జాషువా. 1895 సెప్టెంబరు 28న అదే వినుకొండలో పుట్టినవాడు. ఆ రోజుకి కవిగా ఆయనకున్న ఆస్తి చేతిలో ఉన్న ఆ నాలుగు పద్యాలే. అక్కడే కాగితం చించి పారేసి ఇంటికి వెళ్లిపోయి ఉంటే తెలుగులో ‘గబ్బిలం’ ఉండేది కాదు, ‘ఫిరదౌసి’ ఉండేది కాదు. వెళ్లిపోకపోవడానికి ఆయన పట్టుదల ఒక కారణం. ఇంకో కారణాన్ని అంతగా తలుచుకోం. అదే వినుకొండలో ఆయన్ని చేరదీసినవాళ్లూ ఉన్నారు. చిన్ననాటి స్నేహితుడు దీపాల పిచ్చయ్యశాస్త్రి సావాసంలో ఆయనకు కవిత్వం మీద మనసు పడింది. జూపూడి హనుమచ్ఛాస్త్రి దగ్గర కూర్చుని మేఘసందేశం, రఘువంశం, కుమారసంభవం చదువుకున్నారు. జాషువా, పిచ్చయ్యశాస్త్రి ఒక దశలో జంటకవులు కావాలని కూడా అనుకున్నారు. రెండు పేర్లూ జంటగా పలకడానికి కుదరక ఆ ఆలోచన మానుకున్నారట. కులం గోడ అంత ఎత్తున ఉన్న రోజుల్లో ఇద్దరు కుర్రాళ్లను ఆపింది కులం కాకుండా పేర్ల పొంతన అయిందంటే, ఆ స్నేహం ఎంత గట్టిదో తెలుస్తుంది.

సభలో అవమానం ఎదురైన ఆ కాలంలోనే ఆయన్ని మెచ్చుకుని ముందుకు నెట్టినవాళ్లు కొప్పరపు సోదర కవులు. అప్పటి నరసరావుపేట తాలూకా కొప్పరం వాళ్ల ఊరు. ఆశువుగా గంటకు వందల పద్యాలు చెప్పగలరని పేరు మోసిన అన్నదమ్ములు. వాళ్లు ఒక కొత్త కుర్రవాడి పద్యం విని బాగుందన్నారంటే ఆ మాట విలువే వేరు.

ఒకే ఊరు, ఒకే కవి. ఒక గుంపు తలుపు వేసింది, ఇంకో గుంపు తలుపు తీసింది. సాహిత్యం మాట్లాడుకునే ఏ బృందమైనా ఈ రెండిట్లో ఏదో ఒక పనే చేస్తుంది. నూరేళ్ల కిందట ఆ పని సభల్లో జరిగింది. ఇప్పుడు ఎక్కువగా ఫోన్లలో జరుగుతోంది.

నరసరావుపేట కేంద్రంగా 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడింది. జిల్లా కొత్తదే కానీ ఇక్కడి కవిత్వపు అలవాటు పాతది. పండగ కవిసమ్మేళనాలు, పుస్తకావిష్కరణలు, కళాశాలల్లో తెలుగు శాఖల సభలు ఎప్పటినుంచో ఉన్నాయి. వాటికి తోడు ఇప్పుడు వాట్సాప్ గ్రూపులు వచ్చాయి. పద్యానికొకటి, వచన కవితకొకటి, కథకొకటి, రోజుకో సమస్యాపూరణకి ఇంకోటి. 2022లో వాట్సాప్ ఒక గ్రూపులో 1,024 మంది దాకా చేరే వీలు కల్పించింది. ఊళ్లో ఏ హాలూ పట్టనంత సభ. గేటు దగ్గర ఎవరూ నిలబడరు. ఎవరు ఎప్పుడు వచ్చారో, ఎప్పుడు లేచి వెళ్లిపోయారో చాలామంది గమనించరు కూడా.

అలాంటి ఒక గ్రూపులో రాత్రి పదిన్నరకి ఏం జరుగుతుందో కాస్త దగ్గరగా చూద్దాం. మాచర్ల వైపు ఒక పల్లెలో మిరపచేను చేసుకునే కుర్రాడనుకోండి. డిగ్రీ దాకా చదివాడు. వారం కిందట స్నేహితుడెవరో గ్రూపులో చేర్చాడు. ఈ వారమంతా చదువుతూనే ఉన్నాడు, ఒక్క ముక్క రాయలేదు. కల్లంలో ఆరబోసిన కాయల మీద రాత్రి వాన పడితే ఇంటిల్లిపాదీ పట్టలు పట్టుకుని పరిగెత్తిన సంగతి కవితగా రాశాడు. పన్నెండు పాదాలు. ఫోన్లో టైపు చేస్తుంటే రెండు చోట్ల ఒత్తులు ఎగిరిపోయాయి. ఒక చోట ‘ళ’ ఉండాల్సింది ‘ల’ అయింది. పంపించాలా వద్దా అని అరగంట ఊగిసలాడి పంపించాడు. పంపించాక ఫోను పక్కన పెట్టలేడు. చదివినవాళ్ల సంఖ్య పెరుగుతూ ఉంటుంది.

తర్వాత మూడు రకాలుగా జరగొచ్చు. ఒకటి, ఎవరూ ఏమీ అనరు. అయిదు నిమిషాల్లో ఎవరో శుభరాత్రి బొమ్మ పెడతారు, దాని కింద పాతిక నమస్కారాలు వచ్చి పడతాయి, కవిత పైకి జరిగిపోయి కనబడకుండా పోతుంది. రెండు, గ్రూపులో పేరున్న ఒకాయన వస్తారు. ముందు ఒత్తులు నేర్చుకుని తర్వాత కవిత్వం రాయమంటారు. దాని కింద ముగ్గురు నవ్వే బొమ్మలు పెడతారు. మూడు, ఇంకెవరో ఒకరు వచ్చి ‘తమ్ముడూ, పట్ట ఎగిరిపోతుంటే అమ్మ రాయి కోసం వెతికిన చోట నాకు మా కల్లం కనపడింది. చివరి రెండు పాదాలు లేకపోయినా చాలేమో చూడు’ అంటారు. మూడో మాటలో పొగడ్త లేదు. పైగా రెండు పాదాలు కొట్టేయమన్నారు. అయినా ఆ కుర్రాడు రేపు మళ్లీ రాస్తాడు. తన కవితను ఒక మనిషి నిజంగా చదివాడని అతనికి అర్థమైంది గనక.

కొత్తవాళ్లను ఎక్కువగా పోగొట్టేది రెండోదనుకుంటాం. మొదటిది కూడా తక్కువేం కాదు. తిట్టు తిన్నవాడు కోపంతోనైనా ఇంకో కవిత రాయవచ్చు. ఎవరూ తలెత్తి చూడని చోట మనిషి అలిగినట్టు కూడా ఎవరికీ తెలియదు. చడీచప్పుడు లేకుండా వెళ్లిపోతాడు. గ్రూపులో ఒక అంకె తగ్గుతుంది, అంతే.

పల్నాటివాళ్లకు దీనికి విరుగుడు ఎక్కడో వెతకాల్సిన పని లేదు. 1940లలో నరసరావుపేటలో కొందరు కుర్రాళ్లు చేసింది చూస్తే చాలు. కుందుర్తి ఆంజనేయులు, ఏల్చూరి సుబ్రహ్మణ్యం, బెల్లంకొండ రామదాసు కలిసి 1944లో ‘నయాగరా’ అనే కవితా సంపుటి తెచ్చారు. అప్పటికి ముగ్గురూ ఇరవైల్లో ఉన్నవాళ్లే. అంతకు ముందు ఏడాదే, 1943లో, తెనాలిలో తాపీ ధర్మారావు అధ్యక్షతన అభ్యుదయ రచయితల సంఘం మొదటి మహాసభ జరిగింది. ఆ గాలి నరసరావుపేట మీదా వీచింది. నవ్యకళా పరిషత్తు పేరుతో ఇక్కడ చేరిన యువకుల్లో నరసరావుపేటలో పుట్టిన అనిసెట్టి సుబ్బారావు, రెంటాల ఊరివాడైన రెంటాల గోపాలకృష్ణ ఉన్నారు. అనిసెట్టి తర్వాత నాటకానికి, సినిమాకి రాశారు. రెంటాల పత్రికల్లోకి వెళ్లారు, అనువాదాలు చేశారు. అందరి దారీ ఒకటి కాదు. మొదటి అడుగులో మాత్రం ఒకరి కవిత ఒకరు విన్నారు, ఒకరి పుస్తకం ఇంకొకరు మోశారు.

ఈ బృందంలో కుందుర్తి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. నరసరావుపేట దగ్గరి కోటవారిపాలెంలో 1922లో పుట్టిన ఆయన వచన కవిత్వాన్ని ఒక ఉద్యమంగా నడిపారు. ఛందస్సు లేకపోతే అది కవిత్వమే కాదని పెద్దలు కొట్టిపారేస్తున్న రోజులవి. వచన కవిత రాసే కుర్రవాడికి నిలబడే చోటే లేదు. 1958లో ఆయన ఫ్రీవర్స్ ఫ్రంట్ స్థాపించారు. 1967లో వచన కవితా సంపుటాలకు అవార్డు నెలకొల్పారు. కుందుర్తికి సొంతంగా కావ్యాలున్నాయి, పేరుంది. ‘కుందుర్తి కృతులు’కు 1977లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు కూడా వచ్చింది. అలాంటి మనిషి తన సమయాన్ని ఇతరుల కవిత్వం మీద పెట్టారు. వచన కవిత ఇవాళ ఊరూరా రాస్తున్నారంటే దాని వెనక ఆ ఓపిక ఉంది. ఒక గ్రూపులో పదిమంది పెద్దలున్నారనుకుందాం. ఆ పదిమందిలో ఒక్కరైనా కుందుర్తిలా కొత్తవాళ్ల కోసం టైము పెడుతున్నారా అన్నది ఆ గ్రూపు వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న.

ఆదరణ అంటే అందరినీ ‘అద్భుతం’, ‘మహాద్భుతం’ అని పొగడటం కాదు. అలా పొగిడే గ్రూపులు కూడా కొత్తవాళ్లకు అన్యాయమే చేస్తాయి. పదేళ్లు రాసినా ఎక్కడ మొదలుపెట్టారో అక్కడే ఉంటారు. విమర్శ ఉండాలి, ఘాటుగా ఉన్నా ఫరవాలేదు. దానికి కూడా పల్నాటి గడ్డ మీదే ఉదాహరణ దొరుకుతుంది. శ్రీనాథుడు ద్విపదలో రాసిన ‘పల్నాటి వీరచరిత్ర’ను 1911లో పరిష్కరించి అచ్చు వేయించింది అక్కిరాజు ఉమాకాంతం. ఆయనే 1928లో ‘నేటికాలపు కవిత్వం’ అనే పుస్తకం రాసి అప్పటి భావకవిత్వం మీద విరుచుకుపడ్డారు. ఆ పుస్తకంతో పూర్తిగా ఏకీభవించేవాళ్లు ఇప్పుడు తక్కువే ఉంటారు. కాని విమర్శకులు దాన్ని ఈనాటికీ తీసి చదువుతున్నారు. కారణం, ఆయన అలంకారశాస్త్రాన్ని ముందు పెట్టుకుని వాదించారు. ఏది దోషమో, ఎందుకు దోషమో చెప్పారు. ఎదుటివాడు జవాబు చెప్పడానికి వీలుగా మాట్లాడారు. జవాబుకు చోటున్న కోపం విమర్శ అవుతుంది. చోటు లేకపోతే అది వట్టి పుల్లవిరుపు మాటే.

కవిత్వం గురించి మొదలైన చర్చ మనుషుల మీదకు మళ్లితే ఏమవుతుందో కూడా ఈ ప్రాంతానికి తెలుసు. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో తిరుపతి వేంకట కవులకూ కొప్పరపు సోదర కవులకూ మధ్య నడిచిన వివాదం గుంటూరు సీమను రెండు శిబిరాలుగా చీల్చింది. ఒక వైపు దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి. ఇంకో వైపు కొప్పరపు వేంకట సుబ్బరాయకవి, వేంకట రమణకవి. అవధానం గొప్పదా, ఆశువు గొప్పదా అన్న మాట దగ్గర ఆగి ఉంటే అదొక మంచి చర్చ అయ్యేది. ఆగలేదు. పద్యాలతో పద్యాలు తలపడ్డాయి, అభిమానులు చేరారు, ఎత్తిపొడుపులు అచ్చులోకి ఎక్కాయి. ఆ తగాదా చరిత్ర తిరుపతి వేంకట కవుల ‘గుంటూరు సీమ’లో ఒక పుస్తకానికి సరిపడా ఉంది. నలుగురూ మహానుభావులే. ఆశువుగా పద్యం చెప్పడంలో వాళ్లకు సాటి వచ్చేవాళ్లు ఇవాళ వేళ్ల మీద లెక్కించేంతమంది కూడా ఉండరు. అంతటివాళ్లే కోపంలో జారిపోయినప్పుడు, రోజంతా ఉద్యోగం చేసి వచ్చి రాత్రి ఫోను తెరిచే మనిషి జారిపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఆశ్చర్యం లేదనడానికి లెక్కలు కూడా ఉన్నాయి. స్టాన్‌ఫర్డ్, కార్నెల్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2017లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రకటించారు. కొందరికి తేలిక పరీక్ష పెట్టారు, కొందరికి విసుగు పుట్టించే కష్టమైన పరీక్ష పెట్టారు. ఆ తర్వాత అందరికీ ఒక వ్యాసం చూపించి అభిప్రాయం రాయమన్నారు. కొందరికి ఆ వ్యాసం కింద ముందే మర్యాదైన మాటలు కనిపించాయి, కొందరికి దురుసు మాటలు కనిపించాయి. మనసు బాగుండి, ముందున్న మాటలూ బాగున్నవాళ్లలో 35 శాతం మంది రాతలు దురుసుగా ఉన్నాయి. మనసు చెడి, ముందున్న మాటలూ చెడ్డవైనవాళ్లలో అది 68 శాతం. దురుసుతనం కొందరి పుట్టుబుద్ధి అనుకోవడం సరికాదని, పైన ఉన్న మాట కింది మాటను లాగుతుందని ఆ ప్రయోగం చూపించింది. మన పెద్దవాళ్లు మాటకి మాట తెగులు అన్నది దీన్నే.

కాబట్టి గ్రూపు నడిపేవాళ్ల పని గొడవ ముదిరాక మొదలైతే ఆలస్యమైనట్టే. మొదటి దురుసు మాట దగ్గరే ఎవరో ఒకరు మెల్లగా అడ్డుపడాలి. ఇక్కడ తెలుగువాళ్లకు ఒక గొప్ప వసతి ఉంది. ఎదుటివాణ్ణి ఇబ్బంది పెట్టడాన్ని కూడా మర్యాదగా చేసే పద్ధతిని మనవాళ్లు ఎప్పుడో కట్టుకున్నారు. దాని పేరు అష్టావధానం.

అవధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు కూర్చునేది అవధానిని కష్టపెట్టడానికే. నిషిద్ధాక్షరి అడిగేవారు పద్యంలో తర్వాత రాబోయే అక్షరాన్ని ముందే పసిగట్టి వద్దంటారు. దత్తపది ఇచ్చేవారు ఒకదానితో ఒకటి పొసగని నాలుగు మాటలు ఇచ్చి పద్యంలో ఇమడ్చమంటారు. సమస్య ఇచ్చేవారు అర్థం లేనట్టుండే పాదం ఇచ్చి దానికి అర్థం తెప్పించమంటారు. అప్రస్తుత ప్రసంగి అయితే మధ్యమధ్యలో దూరి పొంతన లేని మాటలతో ధ్యాస చెడగొట్టాలి. అది ఆయనకు అప్పగించిన పని. ఇంత దాడి జరుగుతున్నా సభ తిట్లలోకి దిగదు. ఎవరి వంతు ఎప్పుడో, ఎవరు దేని గురించి మాట్లాడాలో ముందే తెలుసు. సంచాలకులు పక్కనే ఉంటారు. అప్రస్తుత ప్రసంగం శ్రుతి మించితే ఒక చిరునవ్వుతో ఆపేది వారే. అవధాని తడబడితే ఊపిరి తీసుకునే సందు ఇచ్చేదీ వారే. కొత్త అవధాని మొదటి సభలో ఆ సందు విలువ ఇంతా అంతా కాదు.

ఫోను గ్రూపులో అడ్మిన్ అంటే ఆ సంచాలకుడే. చాలామంది అడ్మిన్ అంటే మనుషుల్ని చేర్చడం, తీసేయడం అనుకుంటారు. అది గేటు కాపలా పని. సంచాలకుడి పని వేరు. ఎవరి కవిత మీద మాటలు నడుస్తున్నాయో చూసుకోవాలి. మాట కవిత మీంచి మనిషి మీదకు జరిగితే వెనక్కి తేవాలి. ఎవరి కవితా చప్పుడు లేకుండా పైకి జరిగిపోకుండా చూడాలి. గ్రూపులో ఎవరో పెట్టిన రాతకు అడ్మిన్ బాధ్యుడవుతాడేమోనని కొందరు భయపడుతుంటారు. సభ్యుడు పెట్టినదానికి అడ్మిన్ అయినందుకు మాత్రమే నేరం మోపలేరని బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పాయి. చట్టం భారం కొంత తగ్గింది. సభ మర్యాద భారం మాత్రం అడ్మిన్ నెత్తి మీదే ఉంది.

నియమాలు పెడితే కొత్తవాళ్లు బెదిరిపోతారని కొందరి అనుమానం. జరిగేది దానికి తలకిందులు. రెడిట్ అనే ప్రపంచవ్యాప్త వేదికలో సైన్సు మాట్లాడుకునే ఒక పెద్ద బృందం ఉంది. అక్కడ 2,190 చర్చల మీద నేథన్ మటాయస్ అనే పరిశోధకుడు జరిపిన ప్రయోగం 2019లో అచ్చయింది. కొన్ని చర్చల నెత్తిన నియమాలను కనపడేలా ఉంచారు, కొన్నిట్లో ఉంచలేదు. నియమాలు కనపడిన చోట వాటిని పాటించిన కొత్తవాళ్లు 8 శాతం పాయింట్లకు పైగా పెరిగారు. అక్కడే కొత్తవాళ్లు మాట్లాడటం సగటున 70 శాతం పెరిగింది. ఇక్కడ ఏది చెల్లుతుందో, ఏది చెల్లదో తెలిస్తే మనిషికి ధైర్యం వస్తుంది. కొత్త ఇంట్లో చెప్పులు ఎక్కడ విడవాలో తెలిసేదాకా గడప దగ్గరే నిలబడిపోతాం గదా.

కొత్తవాళ్లను తోసేస్తే ఎంత నష్టమో ఇంగ్లిషు వికీపీడియా చూసింది. 2007 తర్వాత అక్కడ చురుగ్గా రాసేవాళ్లు తగ్గుతూ వచ్చారు. మంచి ఉద్దేశంతో వచ్చిన కొత్తవాళ్ల రాతల్ని యంత్రాలతో, గట్టి నియమాలతో టకటకా తీసేయడం దీనికి ముఖ్య కారణమని 2013లో పరిశోధకులు తేల్చారు. 2012లో అక్కడ టీహౌస్ అని ఒక చోటు పెట్టారు. కొత్తవాళ్లు ఎంత చిన్న ప్రశ్న అయినా సిగ్గుపడకుండా అడగొచ్చు, ఓపికగా చెప్పేవాళ్లు అక్కడ ఉంటారు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా తన చర్చావేదికకు ‘రచ్చబండ’ అని పేరు పెట్టుకుంది. ఆ పేరు పెట్టినవాళ్లకు మన ఊళ్లు తెలుసు. రచ్చబండ మీద కూర్చోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదని రూలు. అయితే ఆ రూలు అందరికీ వర్తించని రోజులు మన ఊళ్లలో చాలాకాలం నడిచాయి. జాషువాకు ఎదురైంది అదే.

ఈ రోజున ఆ వివక్ష వేషం మార్చుకుని వస్తుంది. యాస మీద ఎగతాళి దానికొక రూపం. ‘ఏందయ్యా’, ‘ఎట్టా’ అని రాసినవాణ్ణి పల్లెటూరి భాష అని తీసిపారేస్తారు. పల్నాటి మనిషి పల్నాటి మాట రాయకపోతే ఇంకెవరు రాస్తారు? ఒత్తుల తప్పులు ఎంచడం ఇంకో రూపం. ఫోను కీబోర్డు చేసిన తప్పుకు మనిషి చదువును నిందిస్తారు. తప్పు చెప్పాలనుకుంటే విడిగా ఒక మెసేజ్ పెడితే సరిపోతుంది. నలుగురిలో చెప్పాల్సింది కవిత్వం గురించి.

ఆడవాళ్ల విషయంలో మాత్రం ఈ విడి మెసేజే పెద్ద బెడద. కొత్తగా చేరిన ఆమె కవిత పెట్టగానే గ్రూపులో ఒక్క మాట అనని మనుషులు విడిగా ‘మీ కవిత అద్భుతం’ అని మొదలుపెట్టి, ఏ ఊరు, ఏం చేస్తారు, ఫొటో పెట్టలేదేం అని దిగుతారు. ఆమె ఎవరికీ చెప్పకుండా గ్రూపు వదిలి వెళ్లిపోతుంది. మన సాహిత్య బృందాల్లో ఆడవాళ్లు ఎందుకు తక్కువగా ఉన్నారని బాధపడే పెద్దలు ముందు ఈ సంగతి పట్టించుకోవాలి. ఇబ్బంది కలిగితే ఎవరికి చెప్పాలో గ్రూపు నియమాల్లోనే రాయాలి. చెప్పిన ఆమె మాట నమ్మాలి. రెండోసారి అవకాశం ఇవ్వకుండా ఆ మనిషిని తీసేయాలి. ఈ ఒక్క విషయంలో మెతకదనం పనికిరాదు.

కలిసి కూర్చోవడం ఎలాగో ఈ నేలకు ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. పన్నెండో శతాబ్దంలో మాచర్లలో బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టాడని పల్నాటి కథ చెబుతుంది. చాప పరిచి అన్ని కులాలవాళ్లనూ ఒకే వరసలో కూర్చోబెట్టి అన్నం పెట్టడం. ఆయన కొడుకులా చూసుకుని సేనానిని చేసిన కన్నమదాసు మాల కులస్థుడు. ఆ కథ చివరికి కారంపూడి యుద్ధంలో, కోడిపోరు పంతాల్లో, పగల్లో మునిగిపోయింది. అయినా కారంపూడిలో ఇప్పటికీ కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు వీరుల ఉత్సవాలు చేస్తారు. ఆ రోజుల పేర్లు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. యుద్ధాన్ని తలుచుకునే ఆ ఉత్సవంలో చాపకూడుకూ చోటుంది. పోరాటాన్నీ పంక్తినీ ఒకే పండగలో గుర్తుపెట్టుకున్న జనం వీళ్లు. ఈ నేలను, ఇక్కడి జొన్నకూడును ఎగతాళి చేసిన చాటువులు శ్రీనాథుడి పేరుతో ఉన్నాయి. పల్నాటివాళ్లు వాటిని కూడా కంఠతా పట్టి నవ్వుతూ అప్పజెబుతారు. తమ వీరుల కథ రాసిన కవి కదా అని ఆయన్ని తమవాడిగానే ఉంచుకున్నారు.

వినుకొండ సభ తర్వాత జాషువా ఏమయ్యారో అందరికీ తెలిసిందే. కొంతకాలం రాజమండ్రిలో మూకీ సినిమాలకు తెర పక్కన నిలబడి కథ చదివారు. గుంటూరులో పాఠాలు చెప్పారు. అగ్రవర్ణాలు క్రైస్తవుడని ఈసడిస్తే, హిందూ పురాణ వస్తువులతో రాస్తున్నాడని క్రైస్తవ పెద్దలు దూరం పెట్టారు. 1941లో ‘గబ్బిలం’ వచ్చింది. గుడిలోకి తనకు దారి లేని మనిషి, గుడిలో వేలాడే గబ్బిలంతో శివుడికి కబురు పంపిన కావ్యం అది. 1964లో ‘క్రీస్తు చరిత్ర’కు సాహిత్య అకాడమీ అవార్డు, 1970లో పద్మభూషణ్ వచ్చాయి. ఇవన్నీ ఒక ఎత్తు. ఇంకో ఘట్టం ఒక ఎత్తు. ఆయన కాలికి తన చేతులతో గండపెండేరం తొడిగి, ఆ పాదం తాకి జన్మ ధన్యమైందన్న పెద్దమనిషి చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి. కుర్రతనంలో జాషువాను వెన్ను తట్టిన కొప్పరపు కవులతో ఏళ్ల తరబడి తగాదా పడ్డ ఆ చెళ్లపిళ్లవారే. రెండు శిబిరాలకూ ఒకరంటే ఒకరికి పడకపోవచ్చు. ఒక సభ బయటికి నెట్టిన కవి దగ్గరికి వచ్చేసరికి ఇద్దరి చేతులూ ఒకే పని చేశాయి.

మీరు ఏ సాహిత్య గ్రూపులోనైనా ఉంటే ఈ రాత్రి ఒకసారి తెరిచి కొంచెం పైకి జరపండి. ఈ వారం చేరిన కొత్త పేరు ఒకటి కనపడుతుంది. వాళ్లు పెట్టిన మొదటి కవితో, కథో అక్కడే ఎక్కడో ఉంటుంది. చివరిదాకా చదవండి. మీకు నచ్చిన ఒక్క పాదం ఏదో, అది ఎందుకు నచ్చిందో వాళ్ల పేరు పక్కన ‘గారూ’ అనో, ‘తమ్ముడూ’ అనో, ‘అమ్మా’ అనో చేర్చి రాయండి.